అవతలి మనిషిని వెతుకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

సెలవులకు కల్వకుర్తి వచ్చి కూడా జర్మన్ తత్త్వవేత్త కాంట్ రాసిన ఆ లావు పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నావని, తిండి మీద ధ్యాసే లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ మెసేజ్ కూడా చదివాను. ఒక్క పేజీ మళ్లీ మళ్లీ చదివినా బుర్రకెక్కడం లేదు, తెలుగు మీడియం వాళ్లకు ఫిలాసఫీ రాదేమో పెద్దమ్మా అని రాశావు. ఫోన్‌లో చెబితే సగం విని సగం మర్చిపోతావు. అందుకని రాస్తున్నాను. ఇది కాంట్ పక్కనే పెట్టుకుని చదువు.

ముందు నీ టెన్షన్ సంగతి. ఆ పుస్తకం కష్టంగా ఉందని మొదట అన్నది నువ్వు కాదు. 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' 1781లో వచ్చింది. మోజెస్ మెండెల్సన్ ఆ రోజుల్లో జర్మనీలో ఎంతో పేరున్న తత్త్వవేత్త. ఒంట్లో కాస్త సత్తువ వచ్చిందనిపించినప్పుడే ఆ పుస్తకం ముట్టుకునే ధైర్యం చేస్తానని, అది నరాల్లోని సారమంతా పీల్చేస్తుందని ఆయన 1783లో కాంట్‌కే ఉత్తరం రాశాడు. కాంట్ జవాబులో దాచుకోకుండా చెప్పాడు: కనీసం పన్నెండేళ్లు ఆలోచించిన విషయాన్ని నాలుగైదు నెలల్లో గబగబా రాసేశాననీ, చదివేవాళ్లకు సులువుగా ఉండాలన్న శ్రద్ధ పెట్టలేదనీ. పుస్తకం అప్పటికే పెద్దదైపోయిందని ఉదాహరణలు కూడా తగ్గించేశానని ముందుమాటలోనే రాసుకున్నాడు. కాబట్టి నీకు తగులుతున్న కష్టంలో కొంత ఆయన రాతలోని కష్టం. అది నీ తెలివి మీద వేసుకోకు.

ఇంకొంత కష్టం ఇంగ్లీషుది. జర్మన్‌లో నాలుగు మడతలున్న వాక్యం ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆరు మడతలైంది. దాన్ని నువ్వు మళ్లీ మనసులో తెలుగు చేసుకుంటున్నావు. ఇంకొంత కష్టం నిజంగా విషయానిదే, అది ఎవరికీ తప్పదు. మనిషి ఏం తెలుసుకోగలడు అన్న ప్రశ్న మామూలు భాషలో రాసినా తేలికవదు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయినా, ఇది ఏ రకం కష్టం అని ముందు అడుగు. ఇంగ్లీషు కష్టమైతే వాక్యాన్ని విప్పితే తీరిపోతుంది. రాత కష్టమైతే ఇంకో పుస్తకం సాయం తీసుకోవచ్చు. విషయం కష్టమైతే మాత్రం అక్కడే కూర్చోవాలి, కూర్చోవడమే పని.

కానీ నేను లాజిక్ పాఠం చెప్పిన ఇన్నేళ్లలో పిల్లల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఈ మూడూ కాదు. ఊళ్లో రచ్చకట్ట దగ్గర పంచాయితీ నడుస్తుంటే సగంలో పోయి నిలబడ్డావనుకో. ఒకాయన చేతులూపుతూ గట్టిగా మాట్లాడుతున్నాడు. అవతలివాడు తన మాట చెప్పేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. నీకు ఈయన మాటల్లో ప్రతి మాటా తెలుసు, అయినా ఈయనకు ఇంత ఆవేశం ఎందుకో, దేన్ని కాదంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు. తత్త్వశాస్త్ర గ్రంథం చదివేవాళ్ల పరిస్థితి అదే. పుస్తకం ఒక వాదంలో ఒక పక్షం. రెండో పక్షం ఎవరో తెలియకుండా చదివితే ప్రతి పేరా గాల్లోంచి ఊడిపడినట్టే ఉంటుంది.

అందుకే అంటాను, ముందు అవతలి మనిషిని వెతుకు. మన పండితులు పూర్వపక్షం అనేది అదే. బ్రహ్మసూత్రాలకు శంకరుడు రాసిన భాష్యం తెరిచి చూడు. మొదటి వాక్యంలోనే ఆయన సిద్ధాంతం చెప్పడు, తన మీద తనే అభ్యంతరం వేసుకుంటాడు. తెలుసుకునే నేను, తెలియబడే వస్తువు చీకటి వెలుగుల్లా పరస్పరం విరుద్ధం కదా, ఒకదాని మీద ఇంకొకదాన్ని ఆరోపించడం ఎలా కుదురుతుంది, కుదరదనే అనాలి అని ఎదుటివాడి మాటను పూర్తి బలంతో చెబుతాడు. ఆ తర్వాతే, అయినా లోకవ్యవహారం అలాగే నడుస్తోంది కదా అంటూ తన దారిలోకి వస్తాడు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే గట్టిగా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హత లేదన్నంత పట్టింపు ఆ సంప్రదాయానిది. పాశ్చాత్యుల్లోనూ ఈ పని చేసినవాళ్లున్నారు. ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ 1641లో 'మెడిటేషన్స్' అచ్చువేసినప్పుడు పండితుల అభ్యంతరాలను, వాటికి తన జవాబులను అదే పుస్తకంలో కలిపి వేశాడు. నీ కాంట్ కూడా ఒకచోట అదే చేశాడు. పుస్తకం రెండో సగంలో, ప్రపంచానికి కాలంలో ఒక మొదలు ఉందా లేదా అన్నదానిలాంటి నాలుగు ప్రశ్నలు తీసుకుని, ఉంది అనే వాదం ఒక పక్క, లేదు అనే వాదం ఒక పక్క ఎదురెదురుగా పెట్టాడు. బోర్ కొట్టినప్పుడు ముందుకు తిప్పి ఆ పేజీలు చూడు. ఇంత ఎండిపోయిన పుస్తకంలో ఇంత కొట్లాట ఉందా అనిపిస్తుంది.

మరి కాంట్‌కు అవతలి మనిషి ఎవరు? ఒక్కరు కాదు గాని, ముఖ్యంగా స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్. మీ సిలబస్‌లో ఆయన పేరు ఒక లైనులో వచ్చి ఉంటుంది. ఆ ఒక్క లైను చాలదు. నా మాట విని కాంట్‌ను కొన్నాళ్లు మూసిపెట్టు. హ్యూమ్ 1748లో తెచ్చిన 'ఎంక్వయిరీ'లో నాలుగు, ఐదు, ఏడు భాగాలు చదువు. చిన్నవి, ఇంగ్లీషు హాయిగా ఉంటుంది. ఒక బంతి వచ్చి ఇంకో బంతికి తగిలింది, రెండోది కదిలింది. నువ్వు చూసింది ముందు ఇది, తర్వాత అది. అంతే కదా? మొదటిది రెండోదాన్ని కదిలించి తీరాలి అన్న 'తీరాలి'ని ఎక్కడ చూశావు అని అడుగుతాడు. ఎక్కడా చూడలేదు, పదే పదే చూసి మనకు అలవాటైంది, ఆ అలవాటునే కారణం అంటున్నాం అంటాడు. ఒక్క రోజు ఈ మాటను మోసుకుని తిరుగు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే మంట వల్ల పొంగాయి అనబోయి ఆగిపోవాలి. నీకు కాస్త భయం వేయాలి. ఆ భయం వేసిన తర్వాతే కాంట్ దగ్గరకు పో.

అప్పుడు కూడా పెద్ద పుస్తకం దగ్గరకు కాదు. 1782లో పెద్ద పుస్తకం మీద వచ్చిన ఒక సమీక్ష, తన మాటను అసలు అందుకోలేదని కాంట్‌కు బాగా కోపం తెప్పించింది. 1783లో ఆయనే 'ప్రొలెగోమెనా' అని చిన్న పుస్తకం రాశాడు, చివర్లో ఆ సమీక్షకు జవాబు కూడా ఇచ్చాడు. దాని ముందుమాటలోనే చెబుతాడు, నన్ను నిద్రలోంచి లేపింది హ్యూమే అని. అది చదివాక పెద్ద పుస్తకంలో రెండో అనాలజీ అనే భాగం తీయి. అక్కడ ఒక ఇల్లు, ఒక పడవ ఉదాహరణలుగా వస్తాయి. ఇంటిని పైనుంచి కిందికి చూడొచ్చు, కిందినుంచి పైకి చూడొచ్చు, వరుస నీ ఇష్టం. నది వాలులో పడవ పోతుంటే మాత్రం ముందు ఎగువన, తర్వాత దిగువన, ఆ వరుస మార్చడం నీ చేతుల్లో లేదు. చూపులు ఒకదాని తర్వాత ఒకటి రావడం రెండు చోట్లా ఒకటే, మరి రెండోది మాత్రమే 'జరిగింది' అని ఎలా అంటున్నావు? వరుస మార్చడానికి వీల్లేకుండా కట్టిన ఒక నియమం ముందే ఉంటేనే కదా ఒక సంఘటన సంఘటన అవుతుంది అంటాడు. హ్యూమ్ చదవకుండా ఆ పేజీ చదివితే ఇల్లు పడవల కథ. హ్యూమ్ తర్వాత చదివితే, కారణం అన్న మాటను అలవాటు నుంచి కాపాడుకోవడానికి ఒక మనిషి చేస్తున్న ప్రయత్నం కళ్లకు కడుతుంది. ఆ ప్రయత్నం నెగ్గిందా లేదా అన్నది పండితులు ఈ రోజుకీ తేల్చుకోలేదు. కాబట్టి నీ అభిప్రాయానికీ అక్కడ చోటుంది.

ఇప్పుడు వాక్యం విప్పే పని. ఇది నీకు వచ్చు. పదో తరగతి దాకా పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసిన పిల్లవు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ అలవాటు తక్కువ. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథ సూరి మన తెలంగాణ వాడే, మెదక్ వైపు కొల్చారం. అంతా అన్వయం దారిలోనే, అంటే ఏ మాట దేనితో కలుస్తుందో చూపిస్తూనే వివరిస్తాను, మూలంలో లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను అని ఆయన ముందే చెప్పుకున్నాడు. కాంట్‌ను ఆ పద్ధతిలో చదువు.

మొదటి ముద్రణ ముందుమాటలో మొదటి వాక్యమే తీసుకుందాం. నీ దగ్గరున్న కెంప్ స్మిత్ ఇంగ్లీషు అనువాదంలో అది నాలుగు లైన్లు ఉంటుంది. ఎవరు? మనిషి బుద్ధి. దానికేమైంది? ఒక విచిత్రమైన రాత రాసిపెట్టి ఉంది. ఏం రాత? ఒక రకం జ్ఞానం విషయంలో కొన్ని ప్రశ్నలు దాని నెత్తిన బరువుగా కూర్చున్నాయి. ఎలాంటి ప్రశ్నలు? వదిలేయలేనివి. ఎందుకు వదిలేయలేకపోతోంది? ఆ ప్రశ్నలు పుట్టించింది బుద్ధి స్వభావమే గనుక. వదిలేయలేనప్పుడు జవాబు చెప్పొచ్చుగా? చెప్పలేకపోతోంది. ఎందుకు? అవి దాని శక్తికి మించినవి గనుక. అంతే వాక్యం. ఎవరు, ఏమిటి, ఎలాంటిది, ఎందుకు అని అడుగుతూ పోతే నాలుగు లైన్ల ముడి నాలుగు చిన్న తెలుగు వాక్యాలుగా విడిపోయింది. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద ఇలా రాయి. అక్కడ మల్లినాథుడి నియమం పాటించు: ఆయన అననిది ఒక్క మాట కూడా ఉండొద్దు. కుడి పేజీ నీది, అక్కడ నీ ఇష్టం, తిట్టు, మెచ్చుకో, ప్రశ్న వెయ్యి. రెండు పేజీలు కలవనివ్వకు. చాలామంది చదువు చెడేది అక్కడే, తనకు తోచింది కాంట్ అన్నాడనుకుంటారు.

అదే వాక్యానికి అవతలి మనిషిని కూడా వెతుకు. ఈ మాట విని ఎవరికి కోపం వస్తుంది? దేవుడి గురించి, ఆత్మ గురించి అన్నీ రుజువు చేసేశాం అనేవాడికి వస్తుంది. ఇవన్నీ పనికిరాని ప్రశ్నలు, వదిలేయండి అనేవాడికీ వస్తుంది. ఇద్దరూ ఆ తర్వాతి పేజీల్లోనే కనపడతారు చూడు. ఇద్దరి మధ్యా దారి తీయడమే మిగతా పుస్తకమంతా.

ఇంకో మనిషి గురించి చెప్పాలి, ఆయన మన దగ్గరివాడు. సాగర్ డ్యామ్ మీద నుంచి ఎన్నో సార్లు పోయి ఉంటావు. ఆ నీళ్ల కింద విజయపురి ఉంది, ఇక్ష్వాకుల రాజధాని. డ్యామ్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, లోయ మునిగిపోయే లోపు పురావస్తు శాఖ వాళ్లు తవ్వగలిగినంత తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండకూ డ్యామ్‌కూ పేరిచ్చిన బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడిని బౌద్ధ సంప్రదాయం శ్రీపర్వతంతో, అంటే పాత పేరుతో ఈ కొండలతోనే, ముడిపెట్టి చెబుతుంది. కానీ మన జిల్లాలో ఆయన రాసింది ఒక్క కారికైనా, అంటే ఒక్క శ్లోకమైనా, చదివినవాళ్లు ఎందరున్నారు? ఇది నాకు నిజంగా బాధ. పేరు మనకు బస్సు బోర్డు మీద మిగిలింది, ఆలోచన మిగల్లేదు. నువ్వు ఫిలాసఫీ తీసుకున్నావని తెలిసిన రోజు నేను సంతోషపడింది అందుకే.

ఆయన 'మూలమధ్యమకకారిక'లో ఇరవై ఏడు ప్రకరణాలు. రెండోది పోవడం గురించి. దేవరకొండ మీదుగా నల్లగొండకు నా దగ్గరకు బస్సులో వస్తున్నావనుకో. కొండమల్లేపల్లి దాటావు. అక్కడిదాకా పోయిన దారి ఉంది, దాని మీద ఇప్పుడు పోవడం లేదు, అది అయిపోయింది. ఇక్కడ నుంచి నల్లగొండ దాకా పోవాల్సిన దారి ఉంది, దాని మీద ఇంకా పోలేదు. పోయిందీ పోనిదీ కాకుండా, 'పోతున్న దారి' అని మూడో ముక్క ఎక్కడుందో చూపించు అంటాడు నాగార్జునుడు. మొదటి కారిక అంతే. చదవగానే, ఇదేం పిచ్చి మాట, చక్రాలు తిరుగుతున్న చోటే కదా పోతున్న దారి అని నీ నోటికి వస్తుంది. రానీ. ఆ మాట నోట్‌బుక్ కుడి పేజీలో రాసి, అప్పుడు రెండో కారిక చదువు. నువ్వు రాసిన అభ్యంతరమే అక్కడ ఉంటుంది: కదలిక ఎక్కడుందో పోవడం అక్కడే ఉంది, అది పోతున్నదానిలోనే ఉంది కదా అని ఎదుటివాడు అంటాడు. అప్పుడు మూడో కారికలో జవాబు మొదలవుతుంది: పోవడం అన్నది లేకుండా 'పోతున్నది' అనే పేరే రాదు కదా, మరి ఆ పోతున్నదానికి మళ్లీ ఇంకో పోవడం ఎలా తగిలిస్తావు అని. నీకు ఒప్పుదల కాకపోవచ్చు. నాకూ ఆ జవాబు దగ్గర ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. కానీ నీ మనసులోని మాటను పద్దెనిమిది వందల ఏళ్ల నాటి పుస్తకం నీకంటే ముందు అనడం చూశాక, ఆ పుస్తకం అంటే భయం పోతుంది. అభ్యంతరం రాయకుండా గబగబా చదువుకుంటూ పోయినవాళ్లకు ఆ అనుభవం ఎప్పటికీ రాదు.

పూర్వపక్షం ఎలా పెట్టాలో చూడాలంటే ఆయనదే 'విగ్రహవ్యావర్తని' చదువు. డెబ్బై కారికల చిన్న గ్రంథం. మొదటి ఇరవై కారికలూ ఎదుటివాడికే ఇచ్చేశాడు. అన్నీ శూన్యమే, దేనికీ తనంత తానుగా స్వభావం లేదు అంటున్నావు, మరి నీ మాట కూడా శూన్యమే కదా, శూన్యమైన మాటతో దేన్ని కాదంటావు అని వాళ్లు అడుగుతారు. ఎంత పదునైన ప్రశ్నో చూడు. జవాబు నేను చెప్పను. ఇరవై కారికలూ చదివి, నువ్వైతే ఏం చెబుతావో ఒక పేజీ రాశాకే ఇరవై ఒకటో దానికి పో.

అర్థం కాకపోవడం గురించి నువ్వు చాలా బాధపడ్డావు కదా, ప్లేటో రాసిన 'మెనో' అనే సంభాషణలో ఒక పిల్లవాడు ఉన్నాడు, వాడిని కలుసుకో. మెనో అనే ఆయన ఇంటి బానిస, చదువు చెప్పినవాళ్లు లేరు. సోక్రటీసు నేల మీద రెండడుగుల భుజం ఉన్న చతురస్రం గీసి, దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంత ఉండాలి అని అడుగుతాడు. నాలుగడుగులు అని ఠక్కున చెబుతాడు వాడు. గీసి చూస్తే నాలుగుకు ఎనిమిది రావాల్సింది పదహారు వచ్చింది. అయితే మూడడుగులు అంటాడు. తొమ్మిది వచ్చింది. ఇక నాకు తెలియదు అని ఆగిపోతాడు. అప్పుడు సోక్రటీసు మెనో వైపు తిరిగి, ఇందాక వీడికి తెలియకపోయినా తెలుసనుకున్నాడు, ఇప్పుడు తెలియదని తెలిసింది, వెతకడానికి సిద్ధమయ్యాడు, మనం వీడికి మేలే చేశాం కదా అంటాడు. ఆ తర్వాతే మూల నుంచి మూలకు గీసిన గీత దగ్గరకు వాడే వస్తాడు. ఆ నాలుగైదు పేజీలు ఒక కాగితం మీద గీస్తూ చదువు. ఇప్పుడు నువ్వున్నది మూడడుగులు అన్న తర్వాతి చోట. అక్కడి నుంచి వెనక్కి పోవాల్సిన పని లేదు.

ఆడపిల్లవని, చిన్నదానివని ప్రశ్న వేయడానికి జంకకు. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఆత్మకు పొడవూ వెడల్పూ లేదంటున్నారు, తాకడానికి వీల్లేదంటున్నారు, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది అని అడిగింది. ఆయన జవాబు రాశాడు. అది చాలలేదని ఆమె మళ్లీ రాసింది, మర్యాద తప్పలేదు, పట్టూ వదల్లేదు. ఆ ఉత్తరాలు ఆయన పోయేదాకా నడిచాయి, 1644లో వచ్చిన తన పుస్తకాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు. డెకార్ట్ మీద ఈ రోజు ఎవరు పాఠం చెప్పినా ఆమె ప్రశ్న చెప్పకుండా దాటలేరు. మీ క్లాసులో నీకొచ్చిన అనుమానం కూడా లేచి అడుగు. ఇంగ్లీషు తడబడితే తెలుగులో అడుగు, నీ అనుమానం భాషను బట్టి చిన్నదైపోదు.

ఇంకో సంగతి, దీన్ని దాటేసి పోతే నేను పెద్దమ్మను కాదు. ఈ పెద్ద పుస్తకాల్లో మనలాంటి వాళ్లను బయట నిలబెట్టిన చోట్లు ఉన్నాయి. బ్రహ్మసూత్ర భాష్యంలో మొదటి అధ్యాయం మూడో పాదం, ముప్పై నాలుగు నుంచి ముప్పై ఎనిమిదో సూత్రం దాకా చదువు. శూద్రుడికి వేదవిద్యకు అధికారం లేదంటాడు శంకరుడు, వింటే చెవుల్లో సీసం, లక్క పోయాలన్న స్మృతివాక్యాన్ని తెచ్చి చూపిస్తాడు. అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మొదటి భాగంలో కొందరు పుట్టుకతోనే బానిసలు అంటాడు. ఆ పేజీలు తిప్పేయకు, కోపంతో పుస్తకం మూసేయకు. అక్కడ అవతలి మనిషివి నువ్వే. ఉన్నది ఒక్కటే, భేదమంతా అవిద్య వల్లే అన్న మనిషి, చదివే అర్హత దగ్గరికి వచ్చేసరికి పుట్టుకలో భేదం ఎలా చూశాడు? ఆయన వాదంతోనే ఆయన్ని నిలదీయొచ్చు, కానీ ఆ వాదం బాగా తెలిసినవాళ్లే నిలదీయగలరు. అంబేడ్కర్ చేసిందీ అదే, తన వాళ్లను దూరం పెట్టిన గ్రంథాలను లోపలికంటా చదివి ప్రశ్నించాడు. ఒకప్పుడు మన చెవిన పడకూడదన్న పుస్తకం ఇప్పుడు నీ ఒళ్లో ఉంది. దాన్ని పూర్తిగా చదువు బిడ్డా.

ఇక చిన్న చిన్నవి. పొద్దున ఒక గంట, ఫోన్ ఇంకో గదిలో. రెండు పేజీలు చాలు, కొన్ని రోజులు అర పేజీ అవుతుంది, అదీ చాలు. పైకి చదువు, కళ్లు దాటేసిన మాట నోరు దాటేయలేదు. పేజీల అంచున ఏ, బీ అని అంకెలుంటాయి, ఏ అంటే 1781 ముద్రణ, బీ అంటే 1787 ముద్రణ, మీ సార్లు చెప్పేది ఆ అంకెల్లోనే, నీ నోట్స్‌లోనూ అవే వేసుకో. యూట్యూబ్ వీడియోలు, ఫోన్‌లో ఐదు లైన్లలో వచ్చే సారాంశాలు నువ్వు నీ ఎడమ పేజీ రాశాకే చూడు. ముందే చూస్తే పుస్తకంలో ఆ ఐదు లైన్లే కనపడతాయి, మిగతాది కనపడదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా నెట్‌లో ఉచితంగా ఉంది, నమ్మదగినది, కానీ అది కూడా తర్వాతే. పరీక్ష గైడ్ పరీక్షకు ముందు వారం చూసుకో, తప్పు లేదు, మార్కులు కూడా కావాలి కదా. హెగెల్ జోలికి ఈ ఏడాది పోవద్దు, ఆయనకు అవతలి మనిషి కాంట్, ముందు ఈయన సంగతి తేలనీ.

హాస్టల్‌లో ఒక తోడు వెతుక్కో. వారానికి ఒకసారి ఆ అమ్మాయి హ్యూమ్, నువ్వు కాంట్. తర్వాతి వారం మార్చుకోండి. తోడు దొరక్కపోతే మీ అమ్మ ఉంది. కూర తరుగుతూ వింటుంది, వింటూనే 'అయితే ఏంది?' అని అడుగుతుంది. అలా అడిగినప్పుడు పుస్తకంలోని పెద్ద మాట ఒక్కటి కూడా వాడకుండా జవాబు చెప్పగలిగితే ఆ పేజీ నీకు వచ్చినట్టు. చెప్పలేకపోతే మళ్లీ తెరువు. అమ్మకు చదువు లేదని తక్కువ చేయకు, భజనలో వీరబ్రహ్మం తత్వాలు వింటూ పెరిగిన మనిషి, ఈ దేహం ఎవరిది అన్న ప్రశ్న ఆమెకు కొత్త కాదు.

దసరాకు నల్లగొండ వస్తున్నావు కదా. హ్యూమ్ మూడు భాగాలకూ ఎడమ పేజీలు రాసి తీసుకురా, కుడి పేజీ ఖాళీగా ఉంటే ఊరుకోను. నా దగ్గర పెన్సిల్ గుర్తులతో పాత 'ప్రొలెగోమెనా' ఉంది, నీ కోసం తీసి పెట్టాను. నా గుర్తులు చెరిపేసి నీవి పెట్టుకో. విగ్రహవ్యావర్తని ఇరవై కారికలకు నువ్వు రాసిన జవాబు మాత్రం ముందే పోస్టులో పంపు, నువ్వు వచ్చేలోపు నేను దానికి పూర్వపక్షం రాసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ